సమర్‌ఖండా, బుఖారానా, ఖీవానా? ఉజ్బెకిస్థాన్ చూడాలనుకునే విద్యార్థికి ఏది సరిపోతుంది

ఉజ్బెకిస్థాన్ ట్రిప్ గురించి వెతకడం మొదలుపెట్టగానే మూడు పేర్లు వరసగా వచ్చి పడతాయి: సమర్‌ఖండ్, బుఖారా, ఖీవా. ఫోటోల్లో చూస్తే మూడూ ఒకేలా అనిపిస్తాయి. అవే నీలం గుమ్మటాలు, అవే ఎత్తయిన ద్వారాలు, అవే ఇటుక మినార్లు. ఏది వదిలేయాలో తేలక, చాలామంది ఉన్న ఐదారు రోజుల్లోనే మూడింటినీ ఇరికించేస్తారు. ప్లాన్ కాగితం మీద బాగానే ఉంటుంది. రైలెక్కాక, సామాన్లు సర్దడం, స్టేషన్‌కి పరిగెత్తడం, మళ్లీ రూమ్ వెతుక్కోవడం, వీటితోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

నిజానికి ఈ మూడు ఊళ్లకూ పోలిక తక్కువ. సమర్‌ఖండ్ తైమూరు అనే చక్రవర్తి తన గొప్ప ప్రపంచానికి చాటడానికి కట్టించుకున్న రాజధాని. బుఖారా వర్తకులూ, పండితులూ శతాబ్దాల పాటు కాపురమున్న పట్నం, ఇప్పటికీ మనుషులు ఉంటున్న పాత ఊరు. ఖీవా ఎడారి మధ్య మట్టిగోడల లోపల దాచిపెట్టినట్టుండే చిన్న కోట. మొదటిసారి వెళ్తూ, చేతిలో వారం కూడా లేని విద్యార్థికి నా సలహా ఒకటే: సమర్‌ఖండ్, బుఖారా రెండూ తీరిగ్గా చూడండి, ఖీవాను ఈసారికి వదిలేయండి. ఆ రెండింటిలోనూ ఒక రాత్రి ఎక్కువ ఇవ్వాల్సింది బుఖారాకే. ఈ సలహా ఎవరికి నప్పదో కూడా కింద చెప్తాను.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

ఎన్ని రాత్రులు? రోజులు కాదు, రాత్రులు లెక్కపెట్టుకోండి. తాష్కెంట్ నుంచి సమర్‌ఖండ్‌కి అఫ్రోసియాబ్ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కణ్ణుంచి బుఖారాకి ఇంకో గంటన్నర, కాస్త అటూ ఇటూ. అంటే ఆ రెండు ఊళ్లూ ఒకే దారిలో ఉన్నాయి. ఖీవా సంగతి వేరు. బుఖారా నుంచి కిజిల్‌కుమ్ ఎడారి మీదుగా సుమారు 440 కిలోమీటర్లు. రోడ్డు మీద 6 నుంచి 7 గంటలు పడుతుంది. వెళ్లడానికే ఒక పగలు పోతుంది, వెనక్కి రావడానికి ఇంకో పగలో, ఒక రాత్రో.

ఏ నెలలో? ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు. కానీ విద్యార్థి సెలవులు వాతావరణాన్ని చూసి రావు. జులై, ఆగస్టుల్లో బుఖారా, ఖీవాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. సమర్‌ఖండ్ సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి పగలు వేడే అయినా సాయంత్రాలు కొంచెం నయం. జనవరిలో అంతా తారుమారు. మూడు ఊళ్లలోనూ చలే, ఖీవాలో గాలి కూడా తోడవుతుంది.

డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది? తిండి ఖరీదు కాదు. రైలు, బస, ఎంట్రీ టికెట్లు, ఈ మూడింటి దగ్గరే జాగ్రత్త పడాలి. విదేశీయులకు ఎంట్రీ టికెట్ ధర స్థానికుల కంటే ఎక్కువ. అక్కడే చదువుకుంటున్నవాళ్లు కాలేజీ ఐడీ చూపించి అడగడంలో తప్పేం లేదు, బడ్జెట్ మాత్రం పూర్తి ధరతోనే వేసుకోండి. లక్ష సోములు అని బోర్డు చూసి కంగారు పడకండి. రూపాయికి వంద సోముల పైనే వస్తాయి.

కాళ్లతో తిరగాలా, కారుతోనా? బుఖారా, ఖీవాల్లో పాత ఊరంతా నడిచి చూడొచ్చు. సమర్‌ఖండ్‌లో చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి. ఎండలోనో చలిలోనో తిరిగేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

మీకు ఏమిష్టం? పెద్ద కట్టడం ముందు నిలబడి నోరెళ్లబెట్టడమా, సందుల్లో తిరుగుతూ ఏది కనిపిస్తే అది చూడటమా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

| | సమర్‌ఖండ్ | బుఖారా | ఖీవా |
|---|---|---|---|
| ప్రధాన ఆకర్షణ | రిజిస్తాన్, తైమూరు వంశ కట్టడాలు | పాత ఊరు, కల్యాన్ మినార్, కొలను చుట్టూ జీవితం | ఇచన్ కల అనే కోట లోపలి ఊరు |
| కనీసం ఉండాల్సింది | 1 రాత్రి, వీలైతే 2 | 2 రాత్రులు | 1 రాత్రి, కోట లోపలే |
| తాష్కెంట్ నుంచి | చాలా సులువు | సులువు | దూరం. విమానం లేదా రాత్రి రైలు |
| ఊళ్లో తిరగడం | నడక, టాక్సీ రెండూ | నడక చాలు | నడక చాలు |
| టికెట్ లేకుండా చూడగలిగేవి | తక్కువ | చాలా | కోట బయటి గోడలు, ద్వారాలు |
| శాకాహారం | మూడింటిలో తేలిక | పర్వాలేదు | వెతుక్కోవాలి |
| ఎండాకాలంలో | ఓర్చుకోవచ్చు | కష్టం | చాలా కష్టం |
| యునెస్కో జాబితాలో | 2001 | 1993 | 1990 |

## సమర్‌ఖండ్: మొదటి చూపుకే పడగొట్టే ఊరు

ఈ ఊరికి వెళ్లేది రిజిస్తాన్ కోసమే. ఒక చౌకు, దానికి మూడు వైపులా మూడు మదరసాలు. ఎడమ పక్కది అన్నిటికంటే పాతది, తైమూరు మనవడు ఉలుగ్ బేగ్ 1417–1420 మధ్య కట్టించాడు. ఎదురుగా కుడి పక్కన ఉన్న షేర్‌దోర్ 17వ శతాబ్దంలో, రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చింది. దాని ద్వారం మీద జింకను తరిమే పులి, పులి వీపు వెనక మనిషి ముఖంతో సూర్యుడు కనిపిస్తాయి. మధ్యలో ఉన్న తిల్లాకారి లోపల గుమ్మటం కింద బంగారు పూత. మూడింటికీ ఒకే టికెట్. పగలొకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూడాలి. రాత్రి చౌకు బయటి మెట్ల మీద నుంచి చూడటానికి పైసా ఖర్చు లేదు, ఒక రాత్రయినా ఇక్కడ ఉండమనేది అందుకే.

అయితే ఒక్క మాట. ఇక్కడ కనిపించేదంతా పాతదే అనుకుని వెళ్తే కొంచెం నిరాశ తప్పదు. బీబీ ఖానుం మసీదునే తీసుకోండి. తైమూరు 1398లో ఢిల్లీని దోచుకున్నాక, ఆ సొమ్ముతో, హిందుస్థాన్ నుంచి పట్టుకెళ్లిన రాతి పనివాళ్లతో, ఏనుగులతో దీన్ని కట్టించాడు. హడావిడిగా, మితిమీరిన ఎత్తులో కట్టడం వల్ల మొదటి నుంచే బీటలు వారింది. 1897 భూకంపంలో ఇంకా కూలింది. ఇప్పుడు మనం చూసేదాంట్లో ఎక్కువ భాగం సోవియట్ కాలంలో మళ్లీ నిలబెట్టింది. చరిత్ర విద్యార్థులకు ఇదే ఒక పాఠం, ఫోటోల కోసం వెళ్లేవాళ్లకు అసలు పట్టదు.

పలకల పనితనం చూడాలంటే షాహీ జిందాకి వెళ్లండి. కొండ వాలు మీద ఇరుకు దారి, దారికి రెండు పక్కలా 14, 15 శతాబ్దాల సమాధి మందిరాలు. నీలంలో ఇన్ని నీలాలు ఉంటాయని అక్కడికి వెళ్లేదాకా తెలియదు. ఇది ఇప్పటికీ యాత్రాస్థలం, కాబట్టి భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు, అమ్మాయిలకు ఒక స్కార్ఫ్ ఉంటే ఇబ్బంది ఉండదు. ఉదయం తెరవగానే వెళ్తే గుంపులు ఉండవు.

తైమూరు సమాధి గూర్ అమీర్‌లో ఉంది. 1941 జూన్‌లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ గెరాసిమోవ్ దాన్ని తెరిచి, ఎముకలు పరీక్షించి, తైమూరు నిజంగానే కుంటివాడని తేల్చాడు. అదే జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది కదా, ఇంకేం, శాపం కథ పుట్టింది. గైడ్లు ఈ కథ చెప్పకుండా మిమ్మల్ని వదలరు.

సైన్స్, ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఊరి చివర ఉలుగ్ బేగ్ వేధశాలకు టాక్సీ పెట్టుకునైనా వెళ్లాలి. రాజ్యం ఏలడం కంటే నక్షత్రాలు లెక్కపెట్టడమే ఇష్టమున్న రాజు ఇతను. 1437 నాటి అతని పట్టికలో 1,018 నక్షత్రాలున్నాయి. ఏడాది పొడవును నిమిషం లోపు తేడాతో లెక్కగట్టాడు, దుర్భిణి అనేదే పుట్టని రోజుల్లో. 1449లో కొడుకే చంపించాడు. ఆ తర్వాత వేధశాల నేలమట్టమైంది, 1908లో వ్యాత్‌కిన్ అనే పరిశోధకుడు తవ్వి తీసేదాకా అది ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. సుమారు 40 మీటర్ల వ్యాసార్ధంతో కట్టిన పరికరంలో నేలలోకి దిగిన వంపు భాగం మాత్రమే మిగిలింది. చూడటానికి పది నిమిషాలు చాలు, కానీ ఢిల్లీ, జైపూర్ జంతర్ మంతర్లు కట్టించిన జైసింగ్ తన పట్టికలకు ఈయన లెక్కల్నే ఆధారం చేసుకున్నాడని తెలిసి చూస్తే ఆ పది నిమిషాలు వేరేగా ఉంటాయి. దగ్గర్లోనే అఫ్రాసియాబ్ మ్యూజియం ఉంది, అందులో 7వ శతాబ్దపు కుడ్యచిత్రాలు ఉన్నాయి.

లోటు ఏమిటంటే, కట్టడాల మధ్య ఊరు ఉండదు. పార్కులు, వెడల్పు రోడ్లు, పాత ఇళ్లను కనపడకుండా చేసే గోడలు. ఒక కట్టడం చూశాక టాక్సీ, మళ్లీ ఇంకో కట్టడం. అందుకే ఒక రాత్రి, రెండు పగళ్లు చాలంటాను.

## బుఖారా: రెండో రోజుకి నచ్చే ఊరు

సమర్‌ఖండ్ చూసి నేరుగా ఇక్కడికి వస్తే మొదట కాస్త చప్పగా ఉంటుంది. నీలం తక్కువ, మట్టి రంగు ఎక్కువ. సాయంత్రానికి అభిప్రాయం మారడం మొదలవుతుంది.

ల్యాబీ హౌజ్ అనే కొలను దగ్గర మొదలుపెట్టండి. 1620 ప్రాంతంలో తవ్వించిన ఈ కొలను చుట్టూ ముసలి కంబళి చెట్లు, వాటి నీడన టీ బల్లలు, పక్కనే గాడిద మీద ముల్లా నస్రుద్దీన్ విగ్రహం. ఒకప్పుడు ఊళ్లో ఇలాంటి కొలనులు చాలా ఉండేవి. జనం తాగేదీ అందులోనే, కడిగేదీ అందులోనే, దాంతో రోగాలు. సోవియట్లు వచ్చి దాదాపు అన్నిటినీ ఎండగట్టేశారు. మిగిలిన కొద్దిపాటి కొలనుల్లో ఇదొకటి.

అక్కణ్ణుంచి పాత వ్యాపార గుమ్మటాల కింద నుంచి నడుచుకుంటూ పోతే కల్యాన్ మినార్ వస్తుంది. 1127లో కట్టింది, 45 మీటర్ల పైన ఎత్తు. కింది నుంచి పైదాకా ఇటుకలే, కానీ ఒక వరస అల్లిక ఇంకో వరసలో ఉండదు. 1220లో చెంగిజ్ ఖాన్ ఊరంతా తగలబెట్టినా దీన్ని మాత్రం వదిలేశాడు. మినార్‌కి ఒక పక్క మసీదు, ఎదురుగా మీర్ అరబ్ మదరసా. ఇందులో ఇప్పటికీ చదువు చెప్తున్నారు కాబట్టి లోపలికి పూర్తిగా వెళ్లనివ్వరు. ఈ చౌకు చూడటానికి, ఇక్కడ గంటల తరబడి కూర్చోవడానికి టికెట్ లేదు. బుఖారాలో డబ్బు ఆదా అయ్యేది ఇలాగే. అర్క్ కోట, మ్యూజియంల వంటి చోట్ల టికెట్ కొనాలి, మిగతా ఊరంతా మీదే.

ఒక్క కట్టడమే చూసే టైముంటే ఇస్మాయిల్ సమానీ అనే రాజు సమాధి చూడండి. పార్కులో చిన్న ఇటుక ఘనం, దాని మీద గుమ్మటం. వెయ్యేళ్లు దాటింది. రంగు పలక ఒక్కటి లేదు, ఇటుకను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పేర్చడంతోనే, ఎండతో పాటు మారే నీడల్ని పుట్టించారు. ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి తేడా చూడొచ్చు. రిజిస్తాన్ కంటే దీనికే నా ఓటు.

మెడిసిన్ విద్యార్థులకు ఇంకో కారణం ఉంది. ఇబ్న్ సీనా 980లో బుఖారా దగ్గర అఫ్షోనా అనే ఊళ్లో పుట్టాడు. సమానీ రాజుల గ్రంథాలయంలో చదువుకున్నాడు. ఆయన రాసిన వైద్య గ్రంథాన్ని యూరప్‌లో కొన్ని శతాబ్దాల పాటు పాఠ్యపుస్తకంగా వాడారు. అఫ్షోనాలో ఆయన పేర మ్యూజియం ఉంది, బుఖారా మెడికల్ కాలేజీకీ ఆయన పేరే పెట్టారు.

ఇబ్బందులు లేకపోలేదు. రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు, పది కిలోమీటర్లకు పైగా దూరంలో కాగాన్ అనే పట్నంలో ఉంది. దిగగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. యాండెక్స్ గో యాప్‌లో ముందే ధర చూసుకుంటే బేరంలో మోసపోరు. పాత గుమ్మటాల కింద ఇప్పుడు అమ్మేదంతా టూరిస్టు సరుకే. ప్రతి మదరసా గదిలోనూ ఒక దుకాణం ఉండటం కొందరికి చిరాకు తెప్పిస్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం బయట తిరగడం కుదరదు. పొద్దున 6 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రం 6 తర్వాత అని పెట్టుకుంటే సరి.

## ఖీవా: కష్టపడి వెళ్తేనే దక్కేది

ఇచన్ కల చుట్టూ పది మీటర్ల ఎత్తు మట్టిగోడ, మొత్తం చుట్టుకొలత రెండు కిలోమీటర్ల పైచిలుకు. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ఒక చివర నుంచి ఇంకో చివరకు పావుగంటలో నడిచిపోవచ్చు. ఇంత చిన్న చోట ఇన్ని మినార్లు, మదరసాలు, భవనాలు ఒక్కచోట ఉండటమే దీని ప్రత్యేకత.

పడమటి ద్వారం దాటగానే కల్తా మినార్ ఉంటుంది. అడుగున 14 మీటర్ల వెడల్పు, ఎత్తు 29 మీటర్లు మాత్రమే. దాన్ని కట్టించిన మహమ్మద్ అమీన్ ఖాన్ 1855లో యుద్ధంలో చనిపోవడంతో పని అక్కడే ఆగిపోయింది. లావుగా, పొట్టిగా, ఒళ్లంతా రంగు పలకలతో ఉండే ఈ మినారే ఇప్పుడు ఊరికి గుర్తు. జుమా మసీదులో 200కు పైగా చెక్క స్తంభాలున్నాయి. ఒకదాని చెక్కడం ఇంకోదాని మీద లేదు, కొన్ని వెయ్యేళ్ల నాటివి. ఇస్లాం ఖోజా మినార్ 1910 నాటిది, అంటే పాత పట్నంలో కుర్రది. ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే కోటంతా కాళ్ల కింద ఉంటుంది. బీజగణితానికి పునాది వేసిన అల్ ఖ్వారిజ్మీ ఈ ఖ్వారెజ్మ్ ప్రాంతపు మనిషే, కోట బయట ఆయన విగ్రహం ఉంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఆ విగ్రహం ముందు ఫోటో దిగకుండా రారు.

కోట లోపల చాలా మ్యూజియంలకు కలిపి ఒకే టికెట్ ఉంటుంది. మినార్లు ఎక్కడం లాంటి కొన్నిటికి విడిగా కట్టాలి. మ్యూజియంలు చిన్నవి, కొన్నయితే దుమ్ము పట్టిన గాజు పెట్టెలు తప్ప ఏం ఉండవు. అందుకే అన్నీ చూసి తీరాలన్న పంతం పెట్టుకోకండి.

ఖీవాను ప్రేమించేవాళ్లు చెప్పేది అక్కడి రాత్రి గురించి. పగటి టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక, మట్టిగోడల మధ్య పొద్దుగూకే వేళ నడక. అది చూడకుండా పగలు వచ్చి సాయంత్రం వెళ్లిపోయేట్టయితే ఇంత దూరం రావడం దండగ. గిట్టనివాళ్లు చెప్పేదీ నిజమే. పాత ఊళ్లో సగం మ్యూజియం, సగం హోటల్. మామూలు బతుకు కావాలంటే గోడ అవతలికి పోవాలి.

ఖీవాకు రైలు 2018 చివర్లో వచ్చింది, స్టేషన్ నుంచి కోటకు నడిచి వెళ్లొచ్చు. తాష్కెంట్ నుంచి రాత్రి రైలెక్కితే ఒక రాత్రి బస ఖర్చు కలిసొస్తుంది. ప్లాట్స్‌కార్ట్ అంటే మన స్లీపర్ క్లాస్ లాంటిది, చవక. కూపే అంటే తలుపున్న నాలుగు బెర్తుల గది. విమానం అయితే దగ్గర్లోని ఉర్గెంచ్‌లో దిగాలి.

## మిగతా రెండు, క్లుప్తంగా

తాష్కెంట్ ఎలాగూ దారిలో తగులుతుంది. 1966 ఏప్రిల్ భూకంపంలో పాత నగరం చాలావరకు పోయింది కాబట్టి సమర్‌ఖండ్ లాంటిది ఇక్కడ ఆశించకండి. ఒక పగలు చాలు. 1977లో మొదలైన మెట్రో స్టేషన్లే ఇక్కడ మ్యూజియంలు, ఒక టికెట్‌తో నాలుగైదు స్టేషన్లు దిగి చూడొచ్చు. 2018 దాకా అక్కడ ఫోటోలు తీయనిచ్చేవారు కాదు, ఇప్పుడు ఆ బాధ లేదు. భూకంపానికి మూడు నెలల ముందు, 1966 జనవరి 11న లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయింది ఈ ఊళ్లోనే. ఆయన పేర వీధి, విగ్రహం ఉన్నాయి.

షహ్రిసబ్జ్ సమర్‌ఖండ్ నుంచి కనుమ దాటి 90 కిలోమీటర్లు. తైమూరు సొంతూరు. అక్ సరాయ్ భవనం ద్వారం విరిగిపోయి కూడా 38 మీటర్లు నిలబడి ఉంది. చుట్టూ ఉన్న పాత పేటల్ని కూల్చి పార్కు చేయడంతో 2016లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది. సమర్‌ఖండ్‌లో రెండో రోజు మిగిలితే, నలుగురు కలిసి టాక్సీ పంచుకుంటే వెళ్లండి. ఒక్కరే అయితే వద్దు.

## ఎవరికి ఏది

తాష్కెంట్‌లో చదువుకుంటూ, శని ఆదివారాలు మాత్రమే ఉన్నవాళ్లకు: సమర్‌ఖండ్. శనివారం పొద్దున అఫ్రోసియాబ్, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. సెలవు మూడు రోజులైతే సమర్‌ఖండ్‌ను పక్కనపెట్టి నేరుగా బుఖారాకి వెళ్లండి. సమర్‌ఖండ్‌కి మళ్లీ ఏదో ఒక వారాంతం దొరుకుతుంది, బుఖారా వాయిదా పడితే పడుతూనే ఉంటుంది.

సమర్‌ఖండ్‌లోనే చదివేవాళ్లకు: బుఖారా గంటన్నర దూరం, అదెప్పుడైనా వెళ్లొచ్చు. పెద్ద సెలవుల్లో ఖీవాకే వెళ్లండి.

ఇండియా నుంచి 5, 6 రోజులకు వచ్చేవాళ్లకు: తాష్కెంట్ 1 రాత్రి, సమర్‌ఖండ్ 1 లేదా 2, బుఖారా 2. భారత పాస్‌పోర్టుకు ఈ-వీసా దొరుకుతుంది, ప్రభుత్వ సైట్‌లోనే అప్లై చేయండి. 8 రోజులు ఉంటే అప్పుడు ఖీవా కలపండి, అదీ ఒక వైపు విమానంలో.

ఆర్కిటెక్చర్, చరిత్ర చదివేవాళ్లకు: ఒక్క ఊరికే వెళ్లగలిగితే బుఖారా. 10వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దపు ఎమీర్ల (బుఖారా పాలకుల) వరకు అన్ని కాలాల పనీ నడక దూరంలో ఉంటుంది. సమర్‌ఖండ్‌లో తైమూరు, అతని వారసుల ముద్రే ఎక్కువ.

ఒంటరిగా వెళ్లే అమ్మాయిలకు: బుఖారా. బస, తిండి, చూడాల్సినవి అన్నీ దగ్గర దగ్గరే, రాత్రి టాక్సీ మీద ఆధారపడే పని తక్కువ. కుటుంబాలు నడిపే గెస్ట్‌హౌస్‌లు చాలా ఉన్నాయి, పొద్దున టిఫిన్ అందులోనే కలిసి ఉంటుంది.

ఫ్రెండ్స్ గ్యాంగ్‌కి: మీలో ఎంతమంది పొద్దున్నే లేస్తారన్నదాన్ని బట్టి. లేవని బ్యాచ్ అయితే సమర్‌ఖండ్, రాత్రి దీపాల్లోనూ కనువిందే. అందరూ ఫోటో పిచ్చివాళ్లయితే ఖీవా, దూరం కబుర్లలో తెలియదు.

శాకాహారులకు: సమర్‌ఖండ్, తాష్కెంట్‌లలో మన దేశపు మెడిసిన్ విద్యార్థులు ఉన్నారు కాబట్టి ఇండియన్ హోటళ్లు దొరుకుతాయి. మిగతా చోట్ల తందూరు రొట్టె, టమాటా ఉల్లిపాయల అచిచుక్ సలాడ్, గుమ్మడికాయ సంసా, పండ్లు. పలావులో మాంసం తీసి పెట్టినా, అన్నం ఉడికింది ఆ కొవ్వులోనే అని గుర్తుంచుకోండి. గుడ్డు తినేవాళ్లకు ఖీవాలో తుఖుమ్ బరక్ అని గుడ్డు కూరిన వంటకం ఉంది. రష్యన్‌లో ‘బెజ్ మ్యాసా’ అంటే మాంసం లేకుండా అని, చాలాచోట్ల అర్థమవుతుంది.

## బుక్ చేసేముందు

ముందు కొనాల్సింది హోటల్ కాదు, అఫ్రోసియాబ్ టికెట్. సీజన్‌లో వారాల ముందే అయిపోతుంది. దొరక్కపోతే ప్లాన్ మార్చేయకండి, షర్క్ లాంటి మామూలు రైళ్లు అదే దారిలో కొంచెం నెమ్మదిగా, తక్కువ ధరకు వెళ్తాయి. స్టేషన్ గేటు దగ్గరే సామాన్ల తనిఖీ, పాస్‌పోర్టు పరిశీలన ఉంటుంది, అరగంట ముందుండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో కొనేటప్పుడే సరిచూసుకోండి.

విద్యార్థులు పట్టించుకోని విషయం ఒకటుంది, రిజిస్ట్రేషన్. విదేశీయులు ఎక్కడ బస చేసినా 3 రోజుల్లోగా అక్కడ నమోదు కావాలి. హోటల్, హాస్టల్, గెస్ట్‌హౌస్‌లు తామే చేస్తాయి. ఫ్రెండ్ రూమ్‌లోనో, తెలిసినవాళ్ల ఫ్లాట్‌లోనో దిగితే ఆ పని ఎవరూ చేయరు, ఇంటి యజమానితో కలిసి మీరే చేయించుకోవాలి. బస ఖర్చు మిగులుతుందని ఫ్రెండ్స్ దగ్గర ఉండేవాళ్లు ఒక ఊళ్లో రెండు రాత్రులకు మించి ఉండేట్టయితే బయల్దేరే ముందే వాళ్లని అడిగి పెట్టుకోండి. హోటల్ ఇచ్చిన స్లిప్పులు దేశం దాటేదాకా పాస్‌పోర్టులోనే ఉంచండి.

ఖీవా కూడా పెట్టుకున్నవాళ్లు చివరికి ఖీవా వచ్చేలా కాకుండా, తాష్కెంట్ నుంచి మొదట అక్కడికే వెళ్లి, బుఖారా, సమర్‌ఖండ్ మీదుగా వెనక్కి రండి. పెద్ద ప్రయాణం ఒళ్లు అలవకముందే అయిపోతుంది. పైగా తిరుగు విమానం తాష్కెంట్ నుంచే కాబట్టి, ఏదైనా రైలు తప్పినా సమర్‌ఖండ్ నుంచి ఇంకో రైలు పట్టుకోవచ్చు. ఖీవా నుంచి ఆ వీలుండదు.